కప్పల నోరు మూసిన ములుకు

మా మేనకోడలు చరిత్ర చదివింది. బళ్ళె పిల్లలకు అదే పాఠం చెప్తది. ఫ్రాన్సు దేశంల జనం రాజును గద్దె దించిన ముచ్చట నాకు చెప్పవస్తది, నేను ఎన్నడు యిననట్టు. "ఓ బిడ్డా, నువ్వు మీ అమ్మ కడుపుల ఉన్నప్పుడే నేనది యిన్ననే" అంటే పకపక నవ్వుతది. "అత్తా, నువ్వు యిన్నది ఫ్రాన్సు కత కాదు, కప్పల కత" అంటది. నవ్వితే నవ్వనీ, నాకేం సిగ్గు లేదు. గాని ఆ కప్పల కత ఏందో, అది మా ఇంట్ల ఏం చేసి పోయిందో ఒక్కపారి మొదటికెల్లి చెప్పాలె. అందుకే రాయ కూసున్న.

మా ఊరు వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పొయ్యే బండ్లబాటకు జర పక్కకుంటది. ఎర్రనేల, గుండ్లు. వాన పడితే పంట, లేకుంటే మంట. ఊరి మీద దొర, దొర మీద సంస్థానం, సంస్థానం మీద నిజాం సర్కారు, అందరి కింద మేము. దొర భూమే కౌలుకు చేసుకొని బతికెటోళ్ళం. అమ్మనాయిన ఎప్పుడో పోయిన్రు. ఇంట్ల మా అన్న, వదిన, నేను. నేను బల్మూర్‌ల అత్తగారిల్లు ఇడిసి వచ్చిన మనిషిని. మొగుడు ఒక్కపారి చెయ్యి లేపిండు. రెండోపారి లేపనియ్యలే, మూట గట్టుకొని నడుసుకుంట వచ్చేసిన. ఊరంత నోరు నొక్కుకున్నది. వదిన మాత్రం "కాళ్ళు కడుక్కో, బువ్వ తిను" అన్నది. ఇంకో మాట అడగలే. అప్పటిసంది ఆమె జోలికి ఎవడన్న వస్తే నాకు కండ్లు ఎర్రగైతుండె.

దొరకు బత్తాయి తోట పిచ్చి. దొరుండే గడి ఎన్క తోట, తోట పక్కన దిగుడు బావి. మంచి కాలంల ఎడ్లు మోట కొడుతుండె. నేను చెప్పే ఏడు వానలు మొకం సాటేసినయి. మిరుగం పోయింది, ఆరుద్ర పోయింది, సినుకు లేదు. బావిల నీళ్ళు అడుక్కు పోయి మోటకు అందకుండైనయి. ఇగ దొర ఏమన్నడు? కౌలుదార్ల ఇండ్ల ఆడోళ్ళు బావిల దిగి కుండలతోని నీళ్ళు మోయాలె అన్నడు. ఒక్కో వాడకు కొన్నొద్దులు వంతు. కూలి లేదు, గింజ లేదు, ఉత్త వెట్టి. వెట్టి ఉండొద్దని పట్నంల ఎప్పుడో కాగితం రాసిన్రంట. ఆ కాగితానికి మా ఊరి బాట దొరకలే. మేము తాగెతందుకు వాగుల చెలిమలు తోడుకుంటుంటిమి, దొర బత్తాయి చెట్లు కడుపునిండ తాగుతుండె.

ఆ బావి మెట్లు పాసి పట్టి నున్నగుంటయి. ముందటేడు ఎండకాలం గూడ గిట్లనే వంతు పడితే, వదిన ఏడో నెల కడుపుతోని నిండుకుండ నెత్తిన పెట్టుకొని ఎక్కుతుంటె కాలు జారింది. కుండ పగిలింది, ఆమె పడ్డది. పొద్దుగూకెవరకు కడుపు పోయింది. మొగపిల్లగాడు. గడికెల్లి ఒక్క మనిషి సూడ రాలే. ఒక్క మాట మాత్రం వచ్చింది, పగిలిన కుండకు మారు కుండ తెచ్చియ్యాలె అని. మా అన్న తెచ్చిచ్చిండు.

గా వదినకే మల్ల నెలలు నిండవచ్చినయి. మా వాడ వంతు అమాస ఎల్లినంక. నాలుగొద్దుల ముందు గడి జవాను వచ్చి వాకిట్ల కర్ర తట్టిండు.

"మీ ఇంట్ల ఇద్దరు ఆడోళ్ళు. రెండు కుండలు" అన్నడు.

"ఆమె ఏ పొద్దు కంటదో తెల్వదు. నీకు కండ్లు కనిపిస్తలేవా? ఆమె వంతు గూడ నేనే మోస్త."

"తలకాయకొక కుండ. దొర లెక్క గది."

"దొరకు చెప్పు పోయి. ముందటేడు ఏమైందో దొరకు తెల్వదా?"

"నీ నోటికే గదా నిన్ను మొగుడు ఎల్లగొట్టిండు" అన్నడు వాడు.

"ఎల్లగొట్టలే, నేనే ఇడిసిపెట్టిన. జర సక్కగ తెలుసుకొని మాట్లాడు" అన్న.

వదిన ఎన్కకెల్లి నా కొంగు గుంజింది. ఆమె చేతులు సల్లగున్నయి. జవాను పోయినంక "నేను పోత తియ్యి, మెల్లగ ఎక్కుత" అన్నది. "నువ్వెట్ల పోతవో నేను సూస్త" అన్న. అనుడైతె అన్న గాని ఏం చెయ్యాలెనో నాకు తెల్వదు. మా అన్న దొర కాళ్ళు మొక్కి వచ్చిండు. దొర మొకం గూడ తిప్పలేదంట.

మా ఇంటెన్క సాయబుల ఇంట్ల ఒక ముసలమ్మ ఉంటుండె. ఊరంత ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అంటుంటిమి. ఆమె మొగుడు బతికున్నప్పుడు వనపర్తి బళ్ళె ఉర్దూ పంతులు. ఆయన పోయినంక ఒక పెట్టె నిండ పుస్తకాలతోని సొంతూరికొచ్చింది. నాకు అచ్చరం నేర్పింది ఆమెనే. పగటిపూట మేము ఆడోళ్ళం ఆమె ఇంటి ముందటి దాలాన్ల కూసొని ఇత్తనం పల్లికాయ ఒలుస్తుంటిమి. వాన లేకున్న ఇత్తనం ఒలుసుకొని పెట్టుకోవాలె గదా, ఆశ చావదు. మేము ఒలుస్తుంటె ఆమె పుస్తకం ఉర్దూల సదివి తెలుగుల చెప్తుండె. ఆ పొద్దు మా పెద్దమ్మ గూడ వచ్చింది. మా నాయిన అన్న పెండ్లాం. ఊర్ల కాన్పులు చేసేది ఆమెనే, వానలు ఎగబెడితే కప్పను కట్టి ఇల్లిల్లు తిప్పే కప్పతల్లి రోకలి ఎత్తేది ఆమెనే. ముందటేడు వదినను మెట్ల మీదికెల్లి లేపుకొచ్చింది గూడ ఆమెనే.

"ఫ్రాన్సు అని ఒక ములుకు, ఒక దేశం" అన్నది ఖాలా. "సముద్రాలు దాటి పోవాలె. ఆడ ఒక బాద్షా. ఆయన కింద జాగీర్దార్లు."

"మన దొరల లెక్కనా?" పెద్దమ్మ అడిగింది.

"ఇంకింత ఎక్కువ. వాళ్ళు శిస్తు గట్టరు, రైతులే కట్టాలె. పిండి దొర గిర్నిలనే పట్టియ్యాలె. దొర పావురాలు సేను మీద పడి గింజ తింటుంటె హుష్ అనొద్దు."

"హుష్ అనొద్దా! ఓయమ్మ!"

"అనొద్దు. ఇంకా యినుండ్రి. జాగీర్దారు పెండ్లాం బాలెంత. ఆమెకు నిద్ర పట్టాలె. గడి పక్కన కుంటల కప్పలు అరుస్తున్నయి. రైతులందరు కట్టెలు పట్టుకొని కుంట సుట్టు నిలవడి నీళ్ళు కొట్టాలె, కప్పల నోరు మూతపడాలె. గదొక వెట్టి."

పల్లికాయ పటపట ఆగిపోయింది. పెద్దమ్మ ఒళ్ళె ఉన్న పొట్టంత దులిపేసి లేసి నిలవడ్డది.

"కప్పల నోరు మూసిన్రా? ముండకొడుకులు! ఇగ వానెట్ల పడ్తది?"

"వాన ముచ్చట గాదే..." ఖాలా అనవోయింది.

"వాన పడిందా పడలేదా? ముందు గది సదువు."

ఖాలా అద్దాలు సర్దుకొని ఆకు తిప్పింది. పంటలు పోయినయని రాసి ఉంది. రొట్టె ధర పిరమైందని, పిల్లలు ఆకలికి ఏడ్సిన్రని రాసి ఉంది.

"సూసినవా!" అని పెద్దమ్మ తొడ సరిసింది. "నేను చెప్పలే? కప్ప నోరు మూస్తె ఆకాశం నోరు మూతపడ్తది. గంత పెద్ద ములుకుల ఒక్క ముసలిదానికన్న తెల్వదా ఆ మాట?"

"అరె, కప్పల కోసం గాదే, రొట్టె కోసం! శిస్తు కోసం! జాగీర్దార్ల జులుం కోసం!"

"రొట్టె యాడికెల్లి వస్తది? పంటకెల్లి. పంట యాడికెల్లి వస్తది? వానకెల్లి. వాన?"

ఖాలా నెత్తి పట్టుకున్నది. "పరేషాన్ చేస్తున్నరు గదే నన్ను" అన్నది. గాని మాకు ఆడికే కత తెలిసిపోయింది. అటెన్క ఏమైందో చెప్పమన్నం. ఆడోళ్ళే లేసిన్రంట. కూరగాయలమ్మెటోళ్ళు, చేపలమ్మెటోళ్ళు, చేతికందింది పట్టుకొని బాద్షా గడికి నడుసుకుంట పోయిన్రంట. పొయ్యేటప్పుడు తొవ్వ పొడుగూత వాన కొట్టిందంట.

"కొడ్తది మరి" అన్నది పెద్దమ్మ.

ఇదీ మేము చేసిన తప్పు. ఫ్రాన్సు జనం కప్పల కోసం లేసిన్రని మేము గట్టిగ నమ్మినం. వానమ్మను పిలిసే నోరును దొరలు మూపిచ్చిన్రు, జనం ఊకోలే. మాకు గంతనే సమజైంది. ఎందుకంటె ఆ ఏడు మా ఊర్ల గూడ కప్పతల్లి ఎల్లలే. దొర కోడలు, గద్వాల దిక్కు పిల్ల, నిండు కడుపుతోని గడిల ఉండె. ఆమెకు నిద్ర చెడుతదని గడి సుట్టుముట్టు డప్పు బందు, పాట బందు అని జవాను సాటిచ్చిండు. పాట లేకుండ కప్పతల్లి యాడికి ఎల్లుతది?

"గడిలున్నది కడుపే, మనింట్ల ఉన్నది గూడ కడుపే" అన్న నేను. "ఆ పిల్ల పండుకోవాలె, మా వదిన మెట్లెక్కాలె. ఏం నాయం గిది?"

పెద్దమ్మ నా దిక్కు సూసింది. "అమాస ఎల్లినంక వంతు మనదే గదా. పోదాం. కుండలు ముంచుదాం" అన్నది. అటెన్క ఏం చెయ్యాలెనో గూడ చెప్పింది. ఆ దాలాన్ల ఉన్నోళ్ళు ఎవ్వరు వద్దనలే.

వంతు పొద్దు రానే వచ్చింది. మా వాడ ఆడోళ్ళందరం బావికి పోయినం. వదిన రాలే. జవాను తలకాయలు సూసుకొని, నా దిక్కు ఒక్క సూపు సూసి, ఎల్లిపోయిండు. మేము కుండలు ముంచుకొని ఎక్కినం. ఆ మెట్లెక్కుతుంటె నాకు భయమైంది, అబద్ధమెందుకు. నిండుకుండ కింద మెడ కదలదు, కాలు ఏడ పడుతుందో కనపడదు. ఏడు నెలల కడుపుతోని ఈమె ఎట్ల ఎక్కిందో అనుకున్న.

బావి గడ్డ మీద పెద్దమ్మ రోకలి పట్టుకొని తయారుగుండె. రోకలి నడుమ తడిగుడ్డ, యాపమండలు, ఆ గుడ్డల మూటగట్టిన పానమున్న కప్ప. తోట దిక్కు మలగాల్సిన కాడ మేము ఊరి దిక్కు మలిగినం. తోట కాసెటోడు "ఏయ్, ఇటు, ఇటు!" అని మొత్తుకున్నడు. "కప్పతల్లి ఎల్లింది. ముందు తల్లికి" అన్నది పెద్దమ్మ. వాడు ఆగిపోయిండు. కప్పతల్లికి అడ్డమొచ్చినోని బావి ఎండుతదని మాకాడ అందరికి భయం. ఇంటింటి ముందు రోకలి ఆపితే ఆ ఇంటోళ్ళు చెంబెడు నీళ్ళు కప్ప మీద పొయ్యాలె, గది ఆచారం. ఆ ఏడు ఎవ్వరింట్ల నీళ్ళున్నయి? మా కుండలకెల్లే ముంచి వాళ్ళ చేతికిచ్చినం. దొర బావి నీళ్ళు ఇల్లిల్లు తిరిగినయి.

ఖాలా ఇంటి ముందు ఆగినం. "యా అల్లా, నేను చెప్పింది గిది కాదే" అనుకుంట నవ్వింది. చెంబు అందుకొని బిస్మిల్లా అని పోసింది. మా ఇంటి ముందు వదిన గడప మీద కూసొని పోసింది. నీళ్ళు పడంగనే కప్ప కాళ్ళు తన్నింది. వదిన నవ్వింది. నేను ఆమె నవ్వుడు సూసి శాన దినాలైంది, నాకు ఏడుపొచ్చింది.

గప్పుడే ఒకామె ఉరుక్కుంట వచ్చింది. "మీ అన్నను గడికి గుంజుకపోయిన్రు!" అన్నది. వదిన లేవబోయింది. "కూసో! నువ్వు లేస్తె మేమింత చేసుడు దండుగ" అని గట్టిగనే కసురుకున్న. రోకలి గడి దిక్కు మలిపినం.

గడి దర్వాజ ముందట, ఎండల, మా అన్నను నడుము వంచి నిలవెట్టిన్రు. వీపు మీద బండ. పెండ్లాం కుండ రాలేదు గనుక మొగనికి బండ. చెమట ముక్కు కొసకెల్లి కారుతుంది, మనిషి వణుకుతుండు. జవాను కర్ర అడ్డం పెట్టి "పాట బందు! చిన్న దొరసాని పండుకున్నది!" అని ఒర్రిండు.

"ఫ్రాన్సుల గూడ గిట్లనే పండుకున్నది" అన్నది పెద్దమ్మ.

"గదేడుంది? ఏ తాలూకా?"

"దూరం తియ్యి. ఆడిప్పుడు దొరలు లేరు."

పాటెత్తుకున్నది. మేమందరం అందుకున్నం. గొంతు పగిలేటట్టు పాడినం. ఆమె పాడుకుంటనే పోయి రోకలిని మా అన్న వీపు మీదికి సక్కగ పట్టింది. మిగిలిన కుండలన్ని ఆడ్నే కుమ్మరిచ్చినం. కప్ప మీదికెల్లి బండ మీదికి, బండ మీదికెల్లి మా అన్న మీదికి నీళ్ళు కారినయి. ఆయన నాలికె సాపి తాగిండు. ఇగ నేను ఆగలే. బండకు చెయ్యేసిన, పక్కామె గూడ ఏసింది, ఇద్దరం కలిసి కింద పడేసినం. జవాను కర్ర లేపిండు గాని కొట్టలే. కప్పతల్లి వాని మూతి ముందటనే ఉండె.

దొర అరుగు మీదికొచ్చిండు.

"తోట నీళ్ళు ఒలకబొయ్యమని ఎవతె చెప్పింది?"

"దొరా, కప్పతల్లికి పొయ్యకుంటె వానెట్ల పడ్తది? వాన పడకుంటె నీ తోట ఎట్ల బతుకుతది?" అన్నది పెద్దమ్మ. "నీ మేలుకే మోస్తున్నం."

"ఇయ్యాలటికి అయిందా? రేపు తోటకు పోస్తరా?"

"రేపు గూడ తల్లికే. వాన పడెదాంక తిప్పాలె."

"వాన పడ్డంక?"

"వాన పడ్డంక నీ తోటకు మేమెందుకు దొరా?"

దొరకు గప్పుడు సమజైంది. మొకం నల్లగైంది. పెద్దమ్మ మాట పెద్దమ్మది, నాకు మాత్రం ఆ సాకు ఒక్కటే సాలదనిపిచ్చింది. ముందటికి పోయి నిలవడ్డ.

"మా వదిన ఆ మెట్లెక్కదు దొరా. ఇయ్యాల ఎక్కదు, వాన పడ్డ ఎక్కదు, పడకున్న ఎక్కదు. ముందటేడు పిల్లగాన్ని ఆడ ఇడిసింది. మీరు కుండ అడిగిన్రు, మేమిచ్చినం. పిల్లగాన్ని మాకెవరిచ్చిన్రు?"

నా గొంతు నాకే కొత్తగ యినపడ్డది. దొర నోరు తెరవబోయేటాలకు దర్వాజల చిన్న దొరసాని కనపడ్డది. నిద్ర మొకం, నిండు కడుపు, చేతిల చెంబు. మామను దాటుకొని మెట్లు దిగొచ్చి కప్ప మీద నీళ్ళు పోసింది. మల్ల లోపలికి పోయింది. కడుపుతోనున్న ఆడిది కప్పతల్లిని ఉత్తగ పంపుడు మంచిది కాదంటరు, ఆ భయంతోని పోసిందో, దయతోని పోసిందో నాకు తెల్వదు. నాకు అక్కెర గూడ లేదు. ఇంటి కోడలు పోసినంక దొర ఏమనగలడు? జవాను కర్ర దించిండు.

అంతటితోని సుఖపడ్డమని అనుకోవద్దు. మా కౌలు చెలక దొర గుంజుకున్నడు. మా అన్న సోమశిల దిక్కు పోయి ఏట్ల పుట్టి నడిపెటోళ్ళ కాడ కూలి చేసిండు. ఇంట్ల గంజి తాగినం, ఒక్కో పూట అదీ లేదు. గాని రోకలి మాత్రం దినాం ఎల్లింది. మా వాడ వంతు అయినంక పక్క వాడ, వాళ్ళదైనంక ఇంకో వాడ. బావిల నీళ్ళు దినాం మోసినం, ఒక్క బొట్టు తోటకు పొయ్యలే. కప్ప అలిసిపోతుందని పెద్దమ్మ కప్పలను మారుస్తుండె. బత్తాయి ఆకులు ముడుసుకున్నయి, కాయలు రాలినయి. జవాను మా వాకిటికి వచ్చి "అక్కా, జర దొరతోని మాట్లాడుకోరాదుండ్రి" అన్నడు. అందితె జుట్టు, అందకుంటె కాళ్ళు. వాని మొకం మీద నవ్విన.

వాన రాలే. బిడ్డ ముందొచ్చింది. పట్టపగలు, మా ఇంట్ల, ఎండిన నేల మీద, పెద్దమ్మ చేతుల పడ్డది. పడంగనే గట్టిగ ఏడ్సింది. "అరువ్వే, అరువు! నీ నోరు ఎవ్వడు మూస్తడో సూస్త" అన్నది పెద్దమ్మ. వదిన బిడ్డ మొకం గూడ సూడలే ముందు, నా చెయ్యి పట్టుకున్నది. ఆమె చెయ్యి ఎచ్చగుండె. వాన శాన ఎన్కకు, పురుడైపోయినంక వచ్చింది. వచ్చిన్నాడు ఊర్ల కప్పలన్ని ఒర్రుతుంటె మేము వాకిట్ల నిలవడి తడిసినం. ఆ ఏడు తరువాత ఆ బావి మెట్లు ఏ కౌలుదారు ఇంటి ఆడిది ఎక్కలే. దొర మల్ల అడగలే.

ఆ బిడ్డనే మా మేనకోడలు, చరిత్ర పంతులమ్మ. మొన్న గూడ వచ్చి కూసొని, పుస్తకం ముందటేసుకొని మల్ల మొదలువెట్టింది. "అత్తా, ఖాలా సక్కగనే చెప్పింది. మీరే తప్పు యిన్నరు. కప్పల కోసం ఏ దేశంల రాజు దిగడు" అన్నది.

"తప్పే యిన్నం బిడ్డా" అన్న. "సక్కగ యినుంటే, అయ్యో పాపం అనుకొని పల్లికాయ ఒలుసుకుంట కూసుందుము. మీ అమ్మ ఆ మెట్లు ఎక్కాల్సొస్తుండె."

నవ్వబోయి ఆగింది. పుస్తకం మూసి పక్కన పెట్టింది. "ఆ బావి ఇంకా ఉందా అత్తా? నన్ను తోల్కపో, సూస్త" అన్నది. చెప్పులేసుకొని ఇద్దరం ఎల్లినం.